ఫొటోలో ఎర్ర చుక్కలా? ఆగండి, కెమెరా మార్చకండి

ప్రశ్న: మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. మే నెలలో ఓ రాత్రి నేపియర్ బ్రిడ్జి లైట్లు తీద్దామని ట్రైపాడ్ వేసుకుని వెళ్లాను. 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో ఓ ఇరవై ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే కూవం నీళ్ల మీద, ఆకాశంలో ఎర్రవి, నీలంవి చుక్కలు. ప్రతి ఫొటోలో అవే చోట్ల! పగటి ఫొటోల్లో మాత్రం ఏమీ లేదు. షాపులో చూపిస్తే సెన్సర్ (కెమెరా లోపల వెలుతురుని పట్టే చిప్) పోయింది, కొత్త కెమెరా కొనుక్కోవడమే మేలన్నారు. నిజమేనా?

పగటి ఫొటోల్లో ఏమీ లేదన్నారు చూశారూ, అక్కడే తేలిపోయింది. సెన్సర్ పోలేదు, ఇవి హాట్ పిక్సెల్స్. మీది 24 మెగాపిక్సెల్ కెమెరా అనుకుంటే సెన్సర్ మీద 2 కోట్ల 40 లక్షల బుల్లి గళ్లు, అంటే పిక్సెల్స్, ఉన్నట్టు. వెలుతురు పడితే ఒక్కో గడిలో చార్జ్ పోగవుతుంది, అయితే వెలుతురు పడకపోయినా వేడికి కొంచెం కొంచెం పోగవుతూనే ఉంటుంది, కొన్ని గళ్లలో ఈ లీకేజీ మిగతావాటికంటే బాగా ఎక్కువ. పగలు 1/250 సెకన్‌లో అది లెక్కలోకే రాదు. 30 సెకన్లు తెరిచిపెడితే మాత్రం గడి నిండి వెలుగుతుంది. పైగా మే నెల చెన్నై! సెన్సర్ వేడి 6 నుంచి 8 డిగ్రీలు పెరిగితే లీకేజీ దాదాపు రెట్టింపవుతుంది. అదే వంతెనని డిసెంబరు చివర్లో తీసి ఉంటే వీటిలో చాలా చుక్కలు మీ కంట పడేవి కావు.

ఒక్కో గడి మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఏదో ఒకటి ఉంటుంది, చుక్కకి ఆ రంగు అందుకే. పక్క గళ్ల రంగులు అంచనా కట్టేటప్పుడు కెమెరా ఈ చెడ్డ గడినీ లెక్కలో వేసుకుంటుంది, జేపెగ్‌గా కుదించేటప్పుడు అది ఇంకాస్త పాకుతుంది, దాంతో జూమ్ చేస్తే చుక్క కాస్తా చిన్న ప్లస్ గుర్తులా కనపడుతుంది.

అనుమానం తీరాలంటే లెన్స్‌కి మూత పెట్టి, డీఎస్ఎల్ఆర్ అయితే వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) మీద ఓ గుడ్డ కప్పి, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) 200లో మూడు ఫొటోలు తీయండి: 1/60 సెకన్, 1 సెకన్, 30 సెకన్లు. మొదటిదాంట్లోనే చుక్క ఉంటే అది స్టక్ పిక్సెల్, ఎప్పుడూ వెలిగే ఉంటుంది. తర్వాతివాటిలోనే వస్తే హాట్. అలా కాకుండా ఎఫ్16లో (అంటే లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి) ఆకాశం తీసినప్పుడు మసక మసగ్గా నల్లటి మచ్చలు కనిపిస్తే అది సెన్సర్ మీది దుమ్ము, దానికి క్లీనింగ్ చాలు.

ఇకముందు రాత్రి ఫొటోలకి మెనూలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్ చేసుకోండి. ఫొటో అయ్యాక కెమెరా షట్టర్ మూసుకుని అంతే సేపు చీకటిని ఇంకో ఫొటో తీస్తుంది, అందులో వెలిగిన చుక్కల్ని అసలు ఫొటోలోంచి తీసేస్తుంది. అంటే 30 సెకన్ల ఫొటోకి నిమిషం. ఈలోపు కెమెరా హ్యాంగయిందని టెన్షన్ పడి బ్యాటరీ పీకేసేవాళ్లున్నారు (మొదటిసారి నేనూ పీకాను). ఫ్రేమ్ చూసుకుంటూ లైవ్ వ్యూ (వెనక స్క్రీన్ మీద దృశ్యం కనిపించే మోడ్) పది నిమిషాలు వదిలేయకండి, సెన్సర్ వేడెక్కేది అక్కడే. అలాగని ఏసీ గదిలో చల్లబరిచి నేరుగా సముద్రపు గాలిలో తెరిచారో, లెన్సంతా చెమ్మ పడుతుంది. బ్యాగులోనే ఓ అరగంట ఉండనివ్వండి.

స్టక్ పిక్సెల్‌కైనా, మొండి హాట్ పిక్సెల్‌కైనా అసలు మందు పిక్సెల్ మ్యాపింగ్. చెడ్డ గళ్లని కెమెరా గుర్తు పెట్టుకుని, వాటి బదులు పక్క గళ్ల విలువలు వాడుకుంటుంది. ఒలింపస్, నికాన్ జెడ్ సిరీస్, కొత్త సోనీ మోడళ్లలో ఇది మెనూలోనే ఉంటుంది. పానసోనిక్‌లో పిక్సెల్ రిఫ్రెష్ అంటారు. కెనాన్ వాడేవాళ్ల చిట్కా ఒకటుంది: లెన్స్ మూత పెట్టి మాన్యువల్ సెన్సర్ క్లీనింగ్ ఆన్ చేసి, అర నిమిషం ఆగి ఆఫ్ చేయడం. చాలామందికి పని చేసింది, అందరికీ కాదు. పాత నికాన్ డీఎస్ఎల్ఆర్‌లకైతే సర్వీస్ సెంటరే దిక్కు.

ఇప్పటికే తీసిన ఆ ఇరవై ఫొటోలు రా ఫైళ్లయితే (జేపెగ్‌గా మార్చకుండా కెమెరా దాచిన సెన్సర్ డేటా) మీ పంట పండినట్టే. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో తెరవగానే అది హాట్ పిక్సెల్స్‌ని చాలావరకు తనే చెరిపేస్తుంది. డబ్బు పెట్టనంటే ఉచిత సాఫ్ట్‌వేర్ రాథెరపీలో హాట్ పిక్సెల్ ఫిల్టర్ ఉంది, డార్క్‌టేబుల్‌లోనూ ఉంది. జేపెగ్ ఒక్కటే ఉంటే గింప్ అనే ఉచిత ఎడిటర్‌లో హీల్ టూల్‌తో ఒక్కో చుక్కా తుడుచుకోవాలి, విసుగే, కానీ కొత్త కెమెరా కంటే చవక.

ప్రశ్న: వేళచ్చేరి నుంచి. ఫోన్‌తో తీసినా, కెమెరాతో తీసినా లాప్‌టాప్‌లో ప్రతి ఫొటోకీ ఓ ఆకుపచ్చ చుక్క. ఎందుకు?

ఫొటోని పక్కకి జరిపి చూడండి. చుక్క జరక్కపోతే అది మీ లాప్‌టాప్ స్క్రీన్‌ది. రంగులు వేగంగా మార్చే వీడియోలు ఓ అరగంట నడిపితే ఒక్కోసారి పోతుంది, గ్యారంటీ లేదు. వేలితో నొక్కితే పోతుందని ఎవరైనా చెబుతారు, నొక్కకండి, చుట్టుపక్కలవి కూడా పోవచ్చు. వారంటీ ఉంటే ఎన్ని చుక్కలు దాటితే స్క్రీన్ మారుస్తారో కాగితాల్లో చూసుకుని వెళ్లండి.