వశిష్ఠలోకి దిగేముందు ఇది చదువు

అమ్మడూ,

నువ్వు ఆగస్టులో నరసాపురం నుంచి అంతర్వేది దాకా పడవ మీద తిరిగి వశిష్ఠ గోదావరి చరిత్ర రాస్తావంట కదా, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మనింట్లో ఏటి సంగతులు రాసే పిల్ల పుట్టిందని ఎంత పొంగిపోయానో, ఆగస్టులోనా అని అంత హడలిపోయాను.

లైఫ్ జాకెట్ విప్పకు, పడవ నడిపే సరంగు మాట విను. ఇంతే.

పాలకొల్లుకి డచ్చివాళ్ళు రావడం, నరసాపురంలో ఓడలు కట్టడం, ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయ్యి లాకుల కాలవల్లో పడవలు నడవడం, ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. కానీ ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసక మేట దాటాలంటే ఎంత ఓడైనా సముద్రపు పోటు కోసం కాసుకోవాల్సిందే, అది రాయి. పోటు రోజూ ఓ 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, అమావాస్యకీ పౌర్ణమికీ పెద్దది.

ఇది తెలిసీ నేను తప్పు చేశానమ్మా. 1986 ఆగస్టు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. లంక మొత్తం ఏటిగట్టు మీదే ఉన్నాం. నీళ్ళు తీస్తున్నాయని రేడియోలో విని, మా నాన్న ఆగరా అంటున్నా వినకుండా, గట్టు మీద మేత లేదని గేదెనీ దూడనీ మెరక మీదకి తోలుకెళ్ళా. గేదెని వదిలేసి దూడని గుంజకి పొట్టిగా కట్టా. సాయంత్రం చూస్తే కొట్టుకుపోతున్న గుర్రపుడెక్క ఉన్నచోటే నిలబడిపోయింది. కింద పోటు తోస్తోందని అప్పుడే తెలియాలి నాకు. శ్రావణ పౌర్ణమి దగ్గరపడింది, పై నీళ్ళు సముద్రంలోకి దిగలేక వెనక్కి ఎగదన్నాయి, రాత్రికి మెరక మీద నడుము లోతు. గేదె ఈది గట్టెక్కింది. తెల్లారి వెళ్తే దూడ పలుపుతోనే ఉంది. ఆ ముడి నేనే వేశాను. మా నాన్న ఒక్క మాటా అనలేదు, కూర్చుని నానిపోయిన ముడి గోళ్ళతో విప్పాడు.

అందుకే చెప్తున్నా, ధవళేశ్వరంలో 11.75 అడుగుల మొదటి హెచ్చరిక ఎత్తేశారంటే చాలనుకుని దిగిపోకే, తెలివితక్కువదానా! పౌర్ణమికీ అమావాస్యకీ ముందూ వెనకా రెండేసి రోజులు అసలు వద్దు. గుర్రపుడెక్క నిలబడితే ఒడ్డుకి వచ్చెయ్, రాసుకునేది తర్వాత రాసుకోవచ్చు బంగారం. బయల్దేరే రోజు ధవళేశ్వరం గేజీలో నీటిమట్టం ఎంతుందో, పోటు ఎన్నింటికో నాకు ఫోన్ చేసి చెప్పు, అర్ధరాత్రైనా ఎత్తుతా.

మీ తాతయ్య