బరువు తగ్గాను, అద్దానికి టవల్ కప్పాను

ప్రశ్న: నా వయసు 61. మూడేళ్ల కిందట షుగర్ బయటపడింది. బరువు తగ్గితేగాని లాభం లేదని డాక్టర్ గట్టిగా చెప్పారు. పట్టుబట్టి రెండేళ్లలో 92 కిలోల నుంచి 66కి వచ్చాను. షుగర్ అదుపులో ఉంది, మోకాళ్ల నొప్పులు చాలావరకు తగ్గాయి. కానీ ఆ సంతోషం నాకు దక్కలేదు. భుజాల కింద చర్మం సంచిలా వేలాడుతోంది. పొట్ట మడత కిందికి జారింది. మెడ, తొడలు కూడా అంతే. లావుగా ఉన్నప్పుడు నిండుగా ఉండేదాన్ని, ఇప్పుడు పదేళ్లు మీద పడ్డట్టున్నాను. కనిపించిన ప్రతివాళ్లూ "ఒంట్లో బాగోలేదా?" అంటున్నారు. నాలుగేళ్ల మనవరాలు నా చెయ్యి పట్టుకుని ఆ వేలాడే చర్మాన్ని ఊపి ఆడుకుంటోంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. అక్కడున్న అద్దానికి టవల్ కప్పేశాను. ఎంత ఎండలోనైనా పొడుగు చేతుల బట్టలే. మా ఆయన ఎదుట బట్టలు మార్చుకోవడం మానేశాను, పడుకునే ముందు లైట్ నేనే ఆర్పేస్తున్నాను. ఆయన ఏమీ అనరు. కానీ మనసులో ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. సర్జరీ మాట ఎత్తితే మా అమ్మాయి "ఈ వయసులో నీకెందుకమ్మా అవన్నీ" అంది. ఒక్కోసారి, ఓ పది కిలోలు మళ్లీ పెరిగితే ఈ సంచులు నిండుతాయి కదా అనిపిస్తోంది. అలా అనుకోవడం తప్పా?

జవాబు: అనుకోవడం తప్పు కాదండీ. చెయ్యడం మాత్రం తప్పే. ముందు ఆ పది కిలోల సంగతి తేల్చేద్దాం. ఈ వయసులో తగ్గిన బరువు తిరిగి వస్తే ఎక్కువగా కొవ్వుగానే వస్తుంది, పోయిన కండ దానంతట అది తిరిగి రాదు. పెరిగే కొవ్వు కూడా మీరు కోరుకున్న చోట, చేతుల్లోనో మెడలోనో, సర్దుకుని కూర్చోదు. షుగర్ మళ్లీ అదుపు తప్పే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. మోకాలి మీద పడే భారం లెక్క వేరేగా ఉంటుంది తెలుసా? ఒంట్లో ఒక కిలో తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మీరు 26 కిలోలు తగ్గారు. అంటే అడుగడుక్కీ మీ మోకాలు నూరు కిలోలు దించుకుంటోంది. నిండుగా కనిపించడం కోసం దాన్ని మళ్లీ తలకెత్తుకోకండి.

"ఆరోగ్యం బాగుంది కదా, ఇంకేం కావాలి" అని మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. నేను ఆ మాట అనను. రెండేళ్లు నోరు కట్టుకుని, రోజూ నడిచి, చివరికి అద్దంలో ఎవరో పరాయి మనిషి కనిపిస్తే ఏడుపు రాకుండా ఎలా ఉంటుంది? కష్టపడినదానికి బహుమతి వస్తుందని ఎదురుచూసినవాళ్లకు ఇది శిక్షలా అనిపిస్తుంది. మీరు కృతజ్ఞత లేనివారూ కాదు, అందం మీద పిచ్చి ఉన్నవారూ కాదు.

"మెల్లగా తగ్గితే ఇలా అయ్యేది కాదు" అని ఎవరైనా అన్నారా? అని ఉంటే పట్టించుకోకండి. నెలకు కిలో చొప్పున తగ్గారు. అంతకన్నా మెల్లగా ఎవరు తగ్గుతారు? ఇది మీ పొరపాటు కాదు, చర్మం పనిచేసే తీరే అంత. చర్మానికి గట్టిదనం ఇచ్చేది కొలాజెన్, సాగినా మళ్లీ దగ్గరికి లాగేది ఎలాస్టిన్. ఎలాస్టిన్ మనం పుట్టకముందు, చిన్నతనంలోనే ఎక్కువగా తయారవుతుంది. పెద్దయ్యాక చెడిపోయినదాని స్థానంలో కొత్తది సరిగ్గా రాదు. కొలాజెన్ వయసుతో తగ్గుతూ వస్తుంది. ఆడవాళ్లకైతే మెనోపాజ్ తర్వాత మొదటి ఐదేళ్లలోనే చర్మంలోని కొలాజెన్ దాదాపు 30 శాతం పోతుంది. ఇక ఎండ, సిగరెట్ చేసే నష్టం వేరే. ఏళ్ల తరబడి సాగి ఉన్న లాస్టిక్‌ని ఒక్కసారి వదిలేస్తే అది ముడుచుకోదు కదా, మీ చేతుల దగ్గర జరిగింది అదే. పాతికేళ్ల పిల్లకు ఇన్ని కిలోలు తగ్గినా చర్మం కొంత సర్దుకుంటుంది. మీకు కూడా బరువు నిలకడగా ఉంటే ఏడాది, రెండేళ్లలో కాస్త సర్దుకోవచ్చు. కాస్తే. మొత్తం పోతుందని చెబితే అబద్ధం చెప్పినట్టు.

అందుకే క్రీముల జోలికి వెళ్లకండి. "స్కిన్ టైటెనింగ్" అని సీసా మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, వేలాడే చర్మాన్ని పైకి లాగే క్రీము లేదు. మాయిశ్చరైజర్ పొడితనం తగ్గిస్తుంది, దురద ఉండదు, అందుకు రాసుకోండి. మెషీన్లతో వేడి పుట్టించి బిగించే చికిత్సలు కొద్దిగా వదులైన చర్మానికి కొంత పనిచేస్తాయి, 26 కిలోలు తగ్గాక మిగిలిన మడతలకు అవి చాలవు. ఇలాంటి ప్రకటనలు మీలాంటివాళ్లు అర్ధరాత్రి ఫోన్ పట్టుకుని కూర్చున్నప్పుడే ఎందుకు ఎదురవుతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పనిచేసేది ఒకటుంది, కండ. మీరు కష్టపడి తగ్గించినదాంట్లో కొవ్వుతో పాటు కండ కూడా పోయింది. అరవై దాటాక అది ఊరికే తిరిగి రాదు, అడిగి తెచ్చుకోవాలి. వాకింగ్ ఒక్కటే చాలదు. వారానికి కనీసం రెండు రోజులు బరువుతో చేసే ఎక్సర్‌సైజ్ కావాలి. జిమ్‌కే వెళ్లక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి నెట్టుకోవడం, నీళ్ల బాటిల్ పట్టుకుని మోచెయ్యి మడిచి చాపడం చాలు. చివరి రెండు మూడు సార్లు కష్టంగా అనిపించాలి, లేకపోతే బాటిల్ పెద్దది చేయాలి. ప్రోటీన్ కూడా తగినంత ఉండాలి. పెద్దవయసువారికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు అంటారు, మీకైతే 66 నుంచి 80 గ్రాములు. షుగర్ ఉంది కాబట్టి కిడ్నీల రిపోర్టు చూపించి డాక్టర్‌ని అడిగాకే పెంచండి. కండ వల్ల చర్మం మాయం కాదు, కానీ లోపల కొంచెం నిండుతుంది. మనవరాలిని ఎత్తుకునే బలం వస్తుంది, ఆ మాట మాత్రం ధైర్యంగా చెప్పగలను.

ఇక సర్జరీ. మీ అమ్మాయి ప్రేమతోనే అని ఉంటుంది, కానీ "ఈ వయసులో" అన్న మాట నాకు నచ్చలేదు. వయసు ఒక్కటే అడ్డు కాదు, ఆరోగ్యం ఎలా ఉందన్నదే సర్జన్ చూస్తారు. బరువు కనీసం ఆరు నెలలుగా నిలకడగా ఉండాలి, షుగర్ కంట్రోల్‌లో ఉండాలి, సిగరెట్ ఉంటే వారాల ముందే మానాలి. మీరు అడగకూడని కోరికేమీ అడగడం లేదు. అయితే వెళ్లేముందు ఒక విషయం తెలిసి వెళ్లాలి. చర్మం పోతుంది, మచ్చ వస్తుంది. చేతికైతే చంక నుంచి మోచేతి వరకు, పొట్టకైతే ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా. ఏడాదికి పాలిపోతుంది కానీ పూర్తిగా పోదు. గాయం దగ్గర నీరు చేరడం, కుట్లు విచ్చడం, ఇన్‌ఫెక్షన్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం లాంటివి జరగవచ్చు, షుగర్ ఉన్నవాళ్లకు గాయం మానడం మరింత ఆలస్యం. అన్నీ ఒకేసారి చేయరు. కాబట్టి మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: చేతికి నిలువునా గీత ఉంటే పొట్టి చేతుల బట్టలు వేసుకుంటారా, దాన్ని దాచడానికి మళ్లీ పొడుగు చేతులే వేసుకుంటారా? పొట్టి చేతులవే వేసుకుంటాననే నమ్మకం ఉంటే, అర్హత ఉన్న ప్లాస్టిక్ సర్జన్ దగ్గరకు వెళ్లి, మీ వయసువాళ్లకు చేసిన ఆపరేషన్ల ఫొటోలు చూపించమనండి. ఆరు నెలల తర్వాతివి, వారం తర్వాతివి కాదు. అమ్మాయిని కూడా తీసుకెళ్లండి. విన్నాక కూడా వద్దంటే, కనీసం దేనికి వద్దంటోందో తెలిసి అంటుంది.

ఇప్పుడు నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన విషయం. మీ ఉత్తరం రెండోసారి చదివాను. చర్మం గురించి ఎంతో రాశారు. మీ ఆయన గురించి రాసింది నాలుగు ముక్కలు. అందులో ఆయన అన్న మాట ఒక్కటీ లేదు. "ఏమీ అనరు" అన్నారు, వెంటనే "ఏమనుకుంటున్నారో నాకు తెలుసు" అన్నారు. ఎలా తెలుసు? అది ఆయన నోటినుంచి వచ్చిన మాట కాదు, మీ మనసు ఆయన నోట్లో పెట్టిన మాట.

ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి. భార్య బరువు తగ్గింది, ఆరోగ్యం బాగుపడింది. అప్పటినుంచి ఎదుట బట్టలు మార్చుకోదు, దగ్గరికి రాకముందే లైట్ ఆర్పేస్తుంది, పక్కకు తిరిగి పడుకుంటుంది. "నా మీద ఇష్టం పోయిందేమో" అని ఆయన అనుకుంటే తప్పు పట్టగలరా? నేనూ ఊహించే చెబుతున్నాను, ఒప్పుకుంటాను. కానీ ఊహే అయితే మీది ఒక్కటే ఎందుకు నమ్మాలి?

మాట్లాడండి. పడగ్గదిలో వద్దు, అక్కడ ప్రతి మాటా బరువెక్కుతుంది. ఇద్దరూ నడుస్తున్నప్పుడో, పక్కపక్కన కూర్చుని ఏదో పని చేసుకుంటున్నప్పుడో. "నేను బాగున్నానా?" అని అడగకండి. ఆయన అవునంటే నమ్మరు, కాసేపు ఆలోచిస్తే ఆరు నెలలు గుర్తుంచుకుంటారు. ప్రశ్న వద్దు, ఉన్నది చెప్పండి. "లైట్ ఆర్పేది మీ మీద అయిష్టంతో కాదండీ, నా ఒళ్లు చూసుకుంటే నాకే కష్టంగా ఉంది" అంటే చాలు. తర్వాత ఆయన ఏమంటారో వినండి. ఒకవేళ నొచ్చుకునే మాటే అంటే, అప్పుడు మన సమస్య చర్మం కాదు, అది వేరే సంభాషణ. మళ్లీ రాయండి.

మనవరాలి విషయంలో నేను అంత కంగారు పడను. నాలుగేళ్ల పిల్లకు వేలాడే చర్మం అందమా కాదా అన్న లెక్క ఉండదు. మెత్తగా ఉంది, కదులుతోంది, అమ్మమ్మది. నవ్విన పెద్దవాళ్లకు మాత్రం "ఆ నవ్వు నాకు బాగోలేదు" అని ఒక్కసారి చెప్పేయండి. "ఒంట్లో బాగోలేదా?" అని అడిగేవాళ్లకు "షుగర్ తగ్గించుకోవడానికి కావాలనే తగ్గాను" అనండి, అక్కడితో ఆగండి. చికిత్స మొత్తం వివరించక్కర్లేదు. ఒక్క మినహాయింపు: ఇప్పుడు ప్రయత్నం లేకుండానే ఇంకా తగ్గుతుంటే, అప్పుడు వాళ్ల ప్రశ్న మీరే డాక్టర్‌ని అడగాలి. 26 కిలోలు తగ్గాక కూడా పాత డోసులోనే షుగర్, బీపీ మాత్రలు వేసుకుంటున్నారేమో కూడా చూపించుకోండి. లేచినప్పుడు కళ్లు తిరుగుతుంటే ఆలస్యం చేయకండి.

చివరగా ఆ టవల్. అద్దంలో మిమ్మల్ని మీరు ప్రేమించుకోమని నేను చెప్పబోవడం లేదు, ఎవరైనా చెప్పినా కోపం వస్తుంది. కానీ పొట్ట మడత కింద, చంకల్లో, రొమ్ముల కింద తడి నిలిచి చర్మం ఒరుసుకుంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు అక్కడ ఫంగస్ తొందరగా పడుతుంది. స్నానం అయ్యాక మడత ఎత్తి, రుద్దకుండా అద్దుతూ పూర్తిగా ఆరబెట్టుకోవాలి. ఎర్రబడిందా, వాసన వస్తోందా, పగులు ఉందా అని వారానికి రెండుసార్లైనా చూసుకోవాలి, ఉంటే సొంతంగా ఏ ఆయింట్‌మెంటూ రాయకుండా డాక్టర్‌కి చూపించాలి. పొట్ట కింద ఏముందో వంగి చూస్తే కనపడదు, అద్దం కావాలి. టవల్ అంతసేపటికైనా తీయండి, చూసుకున్నాక కావాలంటే మళ్లీ కప్పుకోండి.