ఎడారి మొక్కలు ఎడారిలోనే మాడిపోతున్నాయి, నీళ్లు ఆపేయాలా?

ప్రశ్న: అమెరికాలో, అరిజోనాలోని ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాం. ఎడారి మొక్కలే కదా అని ముప్పై దాకా కాక్టస్ కుండీలు ఇంటి పడమటి గోడ వారగా పెట్టాం. జూన్ చివరికి సగం పసుపు తిరిగి తెల్లగా పాలిపోయాయి. నాలుగైదు మొదట్లో మెత్తబడి కూలిపోయాయి. నీళ్లు ఎక్కువయ్యాయా? పూర్తిగా ఆపేయాలా? వచ్చే నెల హైదరాబాద్ నుంచి అమ్మావాళ్లు వస్తున్నారు, అంటు కట్టిన రంగు కాక్టస్‌లు తెప్పించుకోవచ్చా?

జవాబు: నీళ్లు ఆపకండి. ముందు కుండీల్ని ఆ గోడ దగ్గర్నుంచి తీసేయండి, ఈ సాయంత్రమే.

కాక్టస్‌కి నీళ్లు పోయకూడదు, మండుటెండలో పెట్టాలి అనే సలహా చల్లటి ఊళ్లలో కిటికీ దగ్గర పెంచుకునేవాళ్లది. అక్కడ అది నిజమే. ఫీనిక్స్‌లో మొక్కని దెబ్బతీసేది పగటి ఎండ ఒక్కటే కాదు, రాత్రి వేడి కూడా. చాలా మొక్కలు పగలు గాలి పీల్చుకుంటాయి. కాక్టస్ పగలంతా ఒంటిమీది సన్నటి రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రిపూట తెరుస్తుంది. అప్పుడు తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌ని మాలిక్ ఆమ్లంగా దాచుకుని, తెల్లారాక వెలుతురులో చక్కెరగా మార్చుకుంటుంది. రాత్రి కూడా 90 డిగ్రీలకి కిందికి దిగకపోతే (ఇక్కడ రాసే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్, 90 అంటే 32 సెల్సియస్) ఆ రంధ్రాలు సరిగా తెరుచుకోవు. తిండి లోపలికి రాదు, శ్వాస మాత్రం వేడికి జోరందుకుని దాచుకున్నదంతా కరిగించేస్తుంది. 2023లో జూన్ 30 నుంచి జులై 30 వరకు వరసగా 31 రోజులు పగటి గరిష్ఠం 110కి తగ్గలేదు. జులై 19న రాత్రి కనిష్ఠమే 97. ఆ వేసవిలో ఇక్కడే పుట్టి వందేళ్లకి పైగా బతికే సగువారోలకే (స్తంభంలా పెరిగే పెద్ద కాక్టస్‌లు) చేతులు విరిగి పడ్డాయి, కొన్ని మొదలంటా కూలాయి. వాటికే అలా ఉంటే నర్సరీ షెడ్డులో పెరిగి నాలుగంగుళాల కుండీలో వచ్చిన మొక్క సంగతి చెప్పేదేముంది.

రెండో శత్రువు కుండీ లోపలి వేడి. నల్ల ప్లాస్టిక్ కుండీకి పడమటి ఎండ తగిలితే ఆ వైపు మట్టి 120 దాటడం మామూలే. ఆ వేడికి సన్నటి వేళ్లన్నీ ఉడికిపోతాయి. మీరు మర్నాడు నీళ్లు పోస్తారు, తాగడానికి వేళ్లుండవు, చచ్చిన వేళ్ల దగ్గర్నుంచి కుళ్లు మొదలవుతుంది. మనం నీళ్లెక్కువయ్యాయి అనుకుంటాం. పైగా మన బ్లాక్‌వాల్ (సిమెంట్ దిమ్మెల గోడ), కాంక్రీట్ పాటియో పగలు పీల్చుకున్న వేడిని రాత్రి చాలాసేపు వదులుతూనే ఉంటాయి. పగలు వేయించి రాత్రి ఉడకబెట్టినట్టు. గోడకి కనీసం నాలుగడుగుల దూరం ఉంచండి. కుండీలు నేరుగా కాంక్రీట్ మీద వద్దు, కింద గాలి ఆడేలా జాలీ బల్లమీదో, ఆరంగుళాల ఎత్తున ఇటుకల మీద పరిచిన చెక్క పలకల మీదో పెట్టండి. తూర్పు వైపు ఉంటే అన్నింటికన్నా మంచిది, పదిన్నర దాకా ఎండ తగిలి తర్వాత నీడ పడాలి. కుండీలు విడివిడిగా కాకుండా గుంపుగా పెడితే ఒకదాని నీడ ఇంకోదానికి పడుతుంది.

షేడ్ క్లాత్ (ఎండని కొంత ఆపే వల గుడ్డ) విషయంలో పీనాసితనం వద్దు. కుండీలకి 50 శాతం ఎండ ఆపేది, నేలలో కుదురుకున్న బారెల్ (పీపా ఆకారపు) కాక్టస్‌లకి 30 నుంచి 40 చాలు. నల్లది తానే వేడెక్కి కిందికి సెగ కొడుతుంది. తెల్లదో, వెండిరంగు అల్లికదో తీసుకోండి. మొక్క తలకీ గుడ్డకీ మధ్య రెండడుగులన్నా ఖాళీ ఉండాలి. పైన ఒక్కటే కడితే సరిపోదు, మధ్యాహ్నం మూడింటి ఎండ పక్కనుంచి వస్తుంది కాబట్టి పడమర, నైరుతి వైపు నిలువుగా కూడా ఒక తెర దించండి. ఏప్రిల్ మూడో వారానికల్లా కట్టేసి అక్టోబర్ రెండో సగంలో విప్పండి. మే నెలలో వంద డిగ్రీలు దాటే తొలి రోజుల కోసం ఎదురు చూస్తే అప్పటికే ఒక వైపు కాలిపోయి ఉంటుంది. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చేటప్పుడు అక్కడ దక్షిణం వైపు ఏ ముఖం ఉందో చూసి, ఆ వైపు ముల్లుకి ఎర్ర దారం కట్టి తెచ్చుకోండి. ఇంట్లోనూ అదే ముఖం దక్షిణానికి తిప్పాలి. నీడన పెరిగిన వెన్ను ఒక్కసారిగా ఎండకి తిరిగితే వారంలో మచ్చ పడుతుంది.

ఇప్పుడు మీ మొక్కల్ని ఒక్కొక్కటిగా వేలితో నొక్కి చూడండి. లేత పసుపు తిరిగి గట్టిగా ఉంటే అది హెచ్చరిక మాత్రమే, నీడకి మారిస్తే కొన్ని వారాల్లో మళ్లీ పచ్చబడుతుంది. ఎండుగడ్డి రంగుకో తెలుపుకో వచ్చి బెండులా గట్టిపడితే ఆ మచ్చ ఇక పోదు. కొత్త పెరుగుదల పైనుంచి వస్తుంది, ఏళ్ల తరబడి మచ్చ కిందికి జరుగుతుంది. అందవికారమే తప్ప ప్రాణాపాయం కాదు. మొక్క ఒంటిమీది నిలువు గట్లు దగ్గరకి ముడుచుకుని హార్మోనియం తిత్తిలా అయితే దాహం, లేదా తాగే వేళ్లు లేవు. నీళ్లు పోసిన నాలుగైదు రోజులకీ తిత్తి విచ్చుకోకపోతే వేళ్లు పోయినట్టే. మొదట్లో మెత్తగా, తడి గోధుమరంగులో ఉండి వాసన వస్తే కుళ్లు. దాన్ని వెంటనే పై నుంచి కాదు, కుళ్లు ఆగిన చోటు దాటేదాకా కింద నుంచి పొరలు పొరలుగా కోసుకుంటూ రండి, ప్రతి కోతకీ కత్తిని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తూ. కోత మధ్యలో ఒక ఉంగరం కనిపిస్తుంది. ఆ ఉంగరంలో నారింజ రంగు చుక్క ఒక్కటున్నా ఇంకో పొర తీయాల్సిందే. శుభ్రమైన కోతకి గంధకం పొడి అద్ది, నీడలో, గాలి తగిలేచోట రెండు వారాలు ఆరబెట్టండి. వేళ్లు పట్టించడం మాత్రం సెప్టెంబర్ చివర్లోనే. జులైలో తడిమట్టిలో గుచ్చితే మళ్లీ కుళ్లుతుంది.

మట్టి గురించి కూడా బయటి సలహాలు ఇక్కడ పనిచేయవు. తొంభై శాతం రాళ్లుండాలి అంటారు. మన గాలికి అలాంటి కుండీ రెండు రోజుల్లో ఎముకలా ఎండుతుంది. రెండు పాళ్లు ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి, మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల గులకలు, దుమ్ము కడిగేసి), ఒక పాలు డీకంపోజ్డ్ గ్రానైట్ (పొడిపొడిగా విరిగిన గ్రానైట్ రాయి), ఒక పాలు బాగా కడిగిన కొబ్బరిపొట్టు కలపండి. పొట్టు కడగకపోతే అందులో ఉప్పుంటుంది. పీట్ (చిత్తడి నేలల్లో కుళ్లిన నాచు) వద్దు, ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని లోపలికి రానివ్వదు, పోసిన నీళ్లు కుండీ అంచు వెంట జారిపోతాయి. పైన అరంగుళం లేతరంగు గులకరాళ్లు పరవండి. రెండంగుళాల కుండీలు ఇక్కడ కొనాల్సినవే కావు, నాలుగు కనీసం. కాల్చిన మట్టికుండీ చల్లగా ఉంటుంది కానీ గబగబా ఎండుతుంది. దాన్ని ఇంకో పెద్ద కుండీలో దించి మధ్య ఖాళీలో ప్యూమిస్ నింపితే రెండు లాభాలూ దక్కుతాయి. కుండీ మార్చే పని ఫిబ్రవరి చివరినుంచి ఏప్రిల్ దాకా, మళ్లీ సెప్టెంబర్ చివరినుంచి అక్టోబర్ దాకా పెట్టుకోండి. మార్చాక వారం దాకా నీళ్లు వద్దు.

నీళ్ల లెక్క. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, నీడలో ఉన్న నాలుగంగుళాల కుండీకి మూడు నాలుగు రోజులకోసారి, ఆరంగుళాల దానికి ఐదారు రోజులకి, పదంగుళాల దానికి ఎనిమిది నుంచి పది రోజులకి. ఇవి మొదలుపెట్టడానికి లెక్కలు మాత్రమే, తీర్పు చెప్పాల్సింది కబాబ్ పుల్ల. కుండీ అంచు వెంట అడుగుదాకా గుచ్చి పది నిమిషాలుంచి తీయండి. కొసన రంగు మారి చల్లగా తగిలితే ఆగండి, దుమ్ముతో పొడిగా వస్తే పోయండి. పోసినప్పుడు చెంచాలతో కాదు, ఆరంగుళాల కుండీకి దాదాపు అర లీటరు, అడుగు రంధ్రం నుంచి కారేదాకా. నడి వేసవిలో ఇదంతా మొక్కని పెంచడానికి కాదు, వేరు చావకుండా ఉంచడానికే. అందుకే జూన్, జులై, ఆగస్టుల్లో ఎరువు పూర్తిగా బంద్. మార్చి నుంచి మే దాకా, మళ్లీ అక్టోబర్‌లో, నత్రజని తక్కువున్నది డబ్బా మీద రాసిన మోతాదులో పావు వంతు చాలు.

పోసే వేళ తెల్లవారుజామున నాలుగు, ఐదు మధ్య. కుండీ అన్నింటికన్నా చల్లగా ఉండేది అప్పుడే. వేడి కుండీలో సాయంత్రం ఆరింటికి పోస్తే అది వేన్నీళ్ల స్నానమే. పైపులో నిలిచిన నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి. మొదటి బకెట్ పక్కన పట్టి చల్లారనివ్వండి. నేలలో కొత్తగా నాటిన అడుగున్నర బారెల్‌కి, ఒంటికి అడుగు దూరంలో చుట్టూ, వేసవిలో రెండు మూడు వారాలకోసారి ఐదు గ్యాలన్లు నెమ్మదిగా ఇంకేలా వదలండి. మాన్సూన్ వాన గట్టిగా పడితే ఆ విడత మానేయండి.

మన నీళ్లు గట్టివి, క్షారం ఎక్కువ. కుండీ అంచున, మొక్క మొదట్లో తెల్లటి పొర కట్టడం అందుకే. రెండు నెలలకోసారి కుండీ పరిమాణానికి మూడింతల నీళ్లు పోసి ఉప్పు కడిగేయండి. గ్యాలన్‌కి ఒక టేబుల్‌స్పూన్ తెల్ల వెనిగర్ కలిపి పోస్తే క్షారం కొంత విరుగుతుంది. ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే వంటింటి కుళాయి నీళ్లు అసలు వద్దు, అందులో సున్నానికి బదులు సోడియం చేరి ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకి పోసే అలవాటు మనవాళ్లందరికీ ఉంది. సాఫ్ట్‌నర్ ఉన్న ఇంట్లో అది కాక్టస్‌కి కడుగు కాదు, ఉప్పునీళ్లు.

ఇక ఏవి పెంచాలి. ఫిష్‌హుక్ బారెల్, కంపాస్ బారెల్, ఆర్గన్ పైప్, మెక్సికన్ ఫెన్స్‌పోస్ట్, ఒపుంషియాలు (నాగజెముడు జాతి) నేలలో నిలబడతాయి. గోల్డెన్ బారెల్‌కి పడమటి ఎండ తప్పించాలి. ఆస్ట్రోఫైటమ్, మామిల్లేరియా, జిమ్నోకాలిసియమ్ కుండీల్లో, షేడ్ కింద బాగుంటాయి. మెలోకాక్టస్‌కి వేడి రాత్రులు సమస్య కాదు, చలే సమస్య, కాబట్టి నవంబర్‌లో లోపలికి తెచ్చేయండి. రెబూషియా, సల్కోరెబూషియా, లోబీవియా ఆండీస్ ఎత్తుల్లోవి, కోపియాపోవా చిలీ తీరపు పొగమంచులోది. ఎంత ముద్దుగా ఉన్నా రాత్రి చల్లదనం లేకుండా వాటిని నిలబెట్టడం కష్టం, డబ్బు దండగ. ఎడారి కనిపించింది కదా అని దారిపక్కన తవ్వుకొచ్చే ఆలోచన కూడా వద్దు. అరిజోనాలో స్థానిక కాక్టస్‌లకి చట్టరక్షణ ఉంది, తవ్వి తెచ్చిన సగువారో కొంటే అనుమతి ట్యాగుతోనే కొనాలి.

ఒపుంషియా మీద తెల్లటి దూదిలాంటి చుక్కలు కనిపిస్తే పుల్లతో నలపండి. చిక్కటి ఎరుపు వస్తే కోచినీల్ పురుగు, గట్టి నీటిధారతో కొడితే పోతుంది. మన పొలాల గట్ల మీది నాగజెముడుని తగ్గించడానికి 1920ల్లో దక్షిణాదికి తెచ్చి వదిలింది ఈ జాతి పురుగునే. ఎరుపు రాకపోతే పిండినల్లి, దానికి అదే 70 శాతం ఆల్కహాల్ దూదితో తుడవండి, సాయంత్రం పూట మాత్రమే.

అంటు మొక్కలు సూట్‌కేసులో వద్దు. కాక్టస్‌లు దాదాపు అన్నీ సైటీస్ (అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) కిందికి వస్తాయి, అంటు కట్టిన రంగు మొక్కలు కొన్నింటికి మినహాయింపు ఉన్నా ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకి తెగులు లేదనే ప్రభుత్వ పత్రం) మాత్రం కావాలి. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే మొక్కా పోతుంది, అమ్మావాళ్లకి తలనొప్పి. ఒకవేళ కాగితాలన్నీ ఉన్నా, ఆ ఎర్ర, పసుపు తలకాయల్ని ఎక్కువగా అంటు కట్టేది డ్రాగన్ ఫ్రూట్ కాండం మీద. ఆ కాండం అడవి నీడలో పాకే తీగజాతి. మన ఎండకి మాడుతుంది, జనవరి చలికి నీరుగారుతుంది. పైతల బాగానే ఉండగా కింది కాండం పోయి కూలుతుంది. రంగు కావాలనుకుంటే కుండీని వేసవంతా లోపల, తూర్పు కిటికీ దగ్గర ఉంచేలా ఇక్కడే ఒకటి కొనుక్కోండి.