ఆపిల్ వాచ్‌కే మార్కులు ఎందుకు పడతాయి?

“రోజూ ఛార్జింగ్ పెట్టాల్సిన ఆపిల్ వాచ్‌ని ఆకాశానికెత్తుతారు, రెండు వారాలు వచ్చే గార్మిన్, అమేజ్‌ఫిట్‌ల దగ్గరకొచ్చేసరికి వంకలు వెతుకుతారు. డబ్బులు తీసుకునే కదా?” అన్నది మీ ప్రశ్న.

పెయిడ్ రివ్యూలు లేవని ఎవరూ అనరు. డబ్బో, ఉచితంగా వస్తువో తీసుకుంటే ఆ మాట వీడియోలోనే చెప్పాలని మన ప్రకటనల ప్రమాణాల మండలి (ASCI) 2021 నుంచి అంటోంది. తెలుగు యూట్యూబ్ ఛానళ్లలో అది కనబడుతుందో లేదో ముందు చూడండి. వీడియో కింద ఇచ్చే కొనుగోలు లింకుల సంగతి వేరు. ఏ బ్రాండు కొన్నా కమీషన్ వస్తుంది కాబట్టి అవి ఒక కంపెనీ వైపు కాదు, “కొనేయండి” వైపు లాగుతాయి.

పేరున్న సైట్లలో మొగ్గు ఎక్కువగా రివ్యూయర్ జేబులోని ఫోన్ నుంచే వస్తుంది. ఐఫోన్‌కి గార్మిన్ జత చేస్తే మెసేజ్ చదవొచ్చు, జవాబివ్వడం కుదరదు. అదే వాచ్ ఆండ్రాయిడ్‌తో అయితే జవాబు వెళ్తుంది. “నోటిఫికేషన్లు అంతంతమాత్రం” అని గార్మిన్ మార్కులు కోస్తారు గానీ, ఆ తలుపు మూసింది ఆపిల్. ఆపిల్ వాచ్ అసలు ఆండ్రాయిడ్‌తో పనే చేయదు, దానికి మాత్రం మార్కులు తగ్గించేవాళ్లు తక్కువ. శాంసంగ్ కూడా తక్కువ తినలేదు: గెలాక్సీ వాచ్ 4 నుంచి ఐఫోన్‌తో కలవదు, ఈసీజీ కావాలంటే శాంసంగ్ ఫోనే ఉండాలి.

బ్యాటరీ అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకండి. 2015లో మొదటి ఆపిల్ వాచ్‌కి చెప్పిన 18 గంటల్లో 30 నిమిషాల వర్కౌట్ లెక్క ఉండేది. తర్వాతి మోడళ్లలో వర్కౌట్ 60 నిమిషాలైంది, మామూలు సిరీస్ మోడళ్లలో సిరీస్ 10 వరకూ అంకె మాత్రం 18 దగ్గరే ఉండిపోయింది, 2025లో సిరీస్ 11తోనే 24కి పెరిగింది. కాబట్టి అప్పట్లో “ఏమీ మెరుగవలేదు” అన్న రివ్యూ ఆపిల్ ఇచ్చిన ఫుట్‌నోట్ చదవనట్టే. అటువైపు “14 రోజులు” అన్నది చాలాసార్లు స్క్రీన్‌ని ఎప్పుడూ వెలిగించి ఉంచే ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే ఆపేసి, జీపీఎస్ కొద్దిగా వాడితే వచ్చే లెక్క. రివ్యూకి దొరికేది వారం పది రోజులు. అందులో రెండు వారాల బ్యాటరీ ఖాళీ అవదు, మూడు రోజుల్లో తగ్గిన శాతాన్ని హెచ్చవేసి రాసేస్తారు.

హార్ట్ రేట్ దగ్గర మోసపోవడం ఇంకా తేలిక. రెండు చేతులకీ రెండు వాచ్‌లు కట్టి, ఆపిల్‌తో సరిపోలలేదు కాబట్టి రెండోది తప్పు అనడం పరీక్ష కాదు. ఛాతీకి కట్టే స్ట్రాప్‌తో పోల్చాలి. దాని ఎలక్ట్రోడ్లు తడిపి కట్టుకోండి. వాచ్‌ని మణికట్టు ఎముకకి వేలెడు పైన, జారకుండా బిగించండి. పది నిమిషాలు నడిచాక ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక చొప్పున ఐదుసార్లు చేయండి. సగటు చూడొద్దు, ఎక్కువా తక్కువా కలిసిపోయి సగటు బాగానే వస్తుంది. రెండు గ్రాఫులూ ఒకదానిపై ఒకటి పెట్టి, శిఖరం ఎన్ని సెకన్లు ఆలస్యంగా వచ్చిందో చూడండి. మెల్లగా పరిగెడుతున్నా గీత మొదటి నిమిషంలోనే 160–170 దగ్గరకి ఎగిరి అతుక్కుపోతే అది గుండె కాదు, మీ అడుగుల్ని లెక్కపెడుతోంది. వాచ్ వదులుగా ఉన్నప్పుడు ఎక్కువగా ఇలా అవుతుంది. బిగించి మళ్లీ చేశాకే తీర్పు చెప్పాలి, ఏ బ్రాండైనా సరే. పచ్చబొట్టు మీద కట్టుకుంటే ఎంత ఖరీదైన సెన్సరైనా తడబడొచ్చు.

జీపీఎస్‌కి స్టేడియం ట్రాక్ చాలు. లోపలి లేన్‌లో పది రౌండ్లు నాలుగు కిలోమీటర్లు. ఎనిమిదో లేన్‌లో ఒక్క రౌండే సుమారు 453 మీటర్లు, కాబట్టి లేన్ మారకండి. గార్మిన్ లాంటి వాటిలో ట్రాక్ రన్ మోడ్ ఉంటే దాన్ని వదిలి మామూలు రన్‌లో కొలవండి, ఆ మోడ్ లేన్ దూరానికి తగ్గట్టు అంకెల్ని సరిచేసేస్తుంది.