టెక్ సందేహాలు: ‘జీతం పట్టేస్తాం’ అంటున్న నంబర్లను బ్లాక్ చెయ్యాలా?

ప్రశ్న: అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. పాత క్రెడిట్ కార్డు బాకీ కోసం ఓ కలెక్షన్ ఏజెన్సీ పూటకో కొత్త నంబరు నుంచి ఫోన్ చేస్తోంది. ‘శుక్రవారంలోగా కట్టకపోతే జీతం గార్నిష్ చేస్తాం’ (అంటే బాకీ కింద జీతంలోంచే నేరుగా పట్టుకుంటాం) అంటూ ఓ పీడీఎఫ్ కూడా టెక్స్ట్ చేశారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వీటన్నిటినీ ఆపేసే యాప్ ఉంటే చెప్పండి సార్.

జవాబు: యాప్ అక్కర్లేదు. ఐఫోన్ సెట్టింగుల్లో తెలియని కాలర్లను ‘సైలెన్స్’ చేసే ఆప్షన్ ఆన్ చేస్తే తెలియని నంబర్లు మోగకుండా వాయిస్‌మెయిల్‌కి పోతాయి. పిక్సెల్ ఫోన్లలో, మీ బదులు ఫోనే కాల్ ఎత్తి ఎవరు, ఎందుకని అడిగే ‘కాల్ స్క్రీన్’ ఉంది. కానీ కోపంలో మెసేజ్‌లు, వాయిస్‌మెయిళ్లు డిలీట్ చెయ్యకండి, రేపు మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే. తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి ఓ ఫోల్డర్‌లో పడెయ్యండి.

ఇక మీరు పంపిన పీడీఎఫ్ తెరిచి చూశాను. పైన కోర్టు ముద్రలాంటి బొమ్మ ఉంది, జూమ్ చేస్తే గళ్లుగళ్లుగా విడిపోతోంది. ఏ కోర్టో రాయలేదు. కేసు నంబరు లేదు, ‘ఫైల్ నంబర్’ అని ఏవో అంకెలున్నాయి. ‘ఇప్పుడే కట్టండి’ అన్న లింకు మాత్రం నిక్షేపంలా ఉంది! దాన్ని నొక్కకండి.

క్రెడిట్ కార్డు బాకీకి జీతం పట్టాలంటే ముందు దావా వేసి తీర్పు తెచ్చుకోవాలి. అప్పుడైనా ఫెడరల్ చట్టం ప్రకారం, చట్టబద్ధమైన కోతలు పోగా మిగిలిన జీతంలో 25 శాతానికి మించి పట్టకూడదు. టెక్సాస్‌లాంటి చోట్ల మామూలు అప్పులకి జీతం జోలికే రానివ్వరు. పన్నులు, ఫెడరల్ స్టూడెంట్ లోన్ల సంగతి వేరు, వాటికి కోర్టు తీర్పు లేకుండానే పట్టొచ్చు.

అలాగని ధీమాగా కూర్చోవద్దు. చాలా కౌంటీ కోర్టుల వెబ్‌సైట్లలో పేరు కొట్టి కేసులు వెతకొచ్చు. ఈ రాత్రే మీ పేరు వెతకండి. నిజంగా సమన్లు వచ్చి, గడువులోగా జవాబు దాఖలు చెయ్యకపోతే తీర్పు ఏకపక్షంగా వాళ్లకే వెళ్తుంది. ఫోన్ నంబరు బ్లాక్ చేస్తే దావా ఆగదు. అలాంటిదేమైనా కనిపిస్తే లీగల్ ఎయిడ్ వాళ్లతో మాట్లాడండి.

బాకీలు వసూలు చేసే ఏజెన్సీలు ఎలా నడుచుకోవాలో చెప్పే ఫెడరల్ నిబంధన, 2021 నవంబరు 30న అమల్లోకి వచ్చిన ‘రెగ్యులేషన్ ఎఫ్’ మీకు పనికొస్తుంది. ఒక బాకీకి 7 రోజుల్లో 7 సార్లు మించి ఫోన్ చేస్తే దాన్ని వేధింపుగానే భావిస్తారు. వాళ్ల ప్రతి టెక్స్ట్‌లోనూ ‘ఇక పంపొద్దు’ అని చెప్పే దారి ఉండాలి. బాకీ వివరాల నోటీసు అందిన 30 రోజుల్లోగా మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, రుజువు పంపేదాకా వసూలు ఆపాలి. ఆ ఉత్తరం ఈమెయిల్‌తో సరిపెట్టకుండా సర్టిఫైడ్ మెయిల్‌లో (పంపినట్టు రుజువు చేతికొచ్చే పోస్టు) పంపండి. టెక్ కాలమ్ రాసేవాణ్నే అయినా, ఈ ఒక్క పనికి పోస్టాఫీసునే నమ్ముతాను.

ప్రశ్న: ఏజెంట్ బెదిరింపుల్ని రికార్డ్ చెయ్యొచ్చా?

జవాబు: కాలిఫోర్నియా, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో అవతలివాళ్ల అనుమతి కూడా ఉండాలి. ఐఓఎస్ 18.1 నుంచి ఐఫోన్‌లోనే రికార్డింగ్ ఉంది. మొదలవగానే ఇద్దరికీ వినపడేలా ఆ సంగతి చెబుతుంది, ఆడియో నోట్స్ యాప్‌లో చేరుతుంది. ‘రికార్డింగైతే మాట్లాడను’ అంటే ఆపెయ్యండి, ‘సరే, చెప్పేదేదో రాసి పంపండి’ అని ఫోన్ పెట్టెయ్యండి.