చప్పుడు ఆగిన చోట మొదలుపెట్టు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన నాటకం అందింది. రెండుసార్లు చదివాను, మూడోసారి మీ అత్తతో చదివించుకుని కళ్లు మూసుకుని విన్నాను. నచ్చింది. ఇందుకూరుపేట పక్కన రొయ్యల గుంట మీద రేడియో నాటకం రాయాలని నీకు తోచడమే నాకు సంతోషం. ఆ గుంటల గట్ల మీద ఎన్ని కుటుంబాలు రాత్రుళ్లు మేలుకొని ఉంటున్నాయో మనకి తెలుసు. ఆ మేలుకోవడం గురించి రేడియోలో నేను ఒక్క నాటకమూ వినలేదు.

నాటకంలో సరుకుంది, అయితే నువ్వు దాన్ని స్టేజీకి రాశావు. చిన్నప్పటి నుంచి పరిషత్తు నాటకాలు చూస్తూ పెరిగావు కాబట్టి ఆ అలవాటు సహజమే. నాక్కూడా దాన్ని వదిలించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నీ మొదటి పేజీలో కొడుకు ఇలా అంటాడు: "నాన్నా! అదిగో, మన రెండెకరాల రొయ్యల గుంటలో నాలుగు ఏరియేటర్లు తిరుగుతున్నాయి. ఇప్పుడు రాత్రి రెండు గంటలయింది. కరెంటు పోతే మనం చాలా నష్టపోతాం." ఎవరైనా కన్నతండ్రితో ఇలా మాట్లాడతారా? ఆ గుంట ఆయనదే, నీళ్లలోకి గాలి ఎక్కించే ఆ ఏరియేటర్లకి అప్పు తెచ్చిందీ ఆయనే. అబ్బాయి ఆ మాటలు నాన్నకి చెప్పడం లేదు, రేడియో ముందు కూర్చున్నవాళ్లకి చెబుతున్నాడు. వినేవాళ్లు అది క్షణంలో పసిగడతారు. అక్కడే నాటకం మీద నమ్మకం పోతుంది.

ఏరియేటర్ల చప్పుడు నువ్వు విన్నావు కదా? నీళ్లని కొడుతూ రాత్రంతా ఒకటే దబదబ. గట్టు మీద పడుకునేవాడికి అది జోలపాటే, ఆగిందంటే మెలకువ వచ్చేస్తుంది. నీ కథకి ఊపిరి అక్కడుంది. ఇలా రాసి చూడు:

(ఏరియేటర్ల చప్పుడు. పది సెకన్లు. ఉన్నట్టుండి ఆగిపోతుంది. కీచురాళ్లు.)

తండ్రి: (నిద్రలో) రేయ్...

కొడుకు: ఊఁ.

తండ్రి: చప్పుడు లేదేందిరా?

కొడుకు: (మంచం కిర్రుమంటుంది) కరెంటు పోయినట్టుండాది నాన్నా.

తండ్రి: జనరేటర్ కాడికి పో. పరిగెత్తు!

(తడి గట్టు మీద అడుగులు దూరమవుతాయి.)

కొడుకు: (దూరం నుంచి) నాన్నా... డీజిల్ లేదు!

ఎన్ని ఎకరాలో, ఎన్ని ఏరియేటర్లో, టైమెంతో ఎవరూ చెప్పలేదు. అయినా రాత్రి అని తెలిసింది, గుంట దగ్గరే పడుకున్నారని తెలిసింది, కొంప మునుగుతోందనీ తెలిసింది. రెండెకరాల సంగతి ఇంకో సీన్లో అప్పులాయన నోట చెప్పించు. తెల్లారేలోపు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందనీ, రొయ్య పైకి తేలుతుందనీ రైతులకి తెలుసు, బస్తీలో వినేవాళ్లకి తెలియదు. దాన్ని ఉపన్యాసంలా చెప్పించకు. తండ్రి టార్చి పట్టుకుని నీళ్ల అంచుకి వెళ్లి, గొంతు తగ్గించి "తేలతన్నాయిరా..." అంటే చాలు. ఆ మూడు చుక్కల్లో నటుడు చేయాల్సిన పని చాలా ఉంది, అది అతనికి వదిలెయ్.

రేడియోకే ప్రత్యేకంగా రాసిన తొలి నాటకాల్లో ఒకటి 1924 జనవరిలో బీబీసీలో వచ్చింది. రిచర్డ్ హ్యూస్ అనే కుర్రాడు రాశాడు. బొగ్గు గనిలో దీపాలు ఆరిపోతాయి, లోపలివాళ్లు చీకట్లో చిక్కుకుపోతారు, అదీ కథ. పాత్రలకీ ఏమీ కనపడదు, వినేవాళ్లకీ ఏమీ కనపడదు. ఇద్దరూ ఒకే చీకట్లో ఉన్నారు. చూపు లేకపోవడాన్నే కథగా మలిచాడు ఆయన. మన గూడూరు, సైదాపురం వైపు మైకా గనులున్నాయి కదా, అది చదివినప్పుడల్లా నాకు అవే గుర్తొస్తాయి. నీ కథకీ ఆ అదృష్టముంది. అర్ధరాత్రి, కరెంటు లేదు. వాడుకో.

పాత్రలు నీ నాటకంలో తొమ్మిదిమంది ఉన్నారు. ఎక్కువ. అరగంట నాటకంలో చెవి గుర్తుపెట్టుకునే గొంతులు నాలుగో, అయిదో. ఇద్దరు మేనమామల్లో ఒకరిని తీసెయ్. మేత షాపాయన్నీ అప్పులాయన్నీ ఒకడే చెయ్, అసలు జీవితంలో కూడా చాలాచోట్ల వాళ్లిద్దరూ ఒకరే కదా. మిగిలినవాళ్ల గొంతులు ఒకదానితో ఒకటి కలవకూడదు. ఇద్దరు పాతికేళ్ల కుర్రాళ్లు పక్కపక్కనే మాట్లాడితే ఎవరేమన్నారో వినేవాళ్లకి అర్థం కాదు. ఒకడు నసిగేవాడు, ఒకడు గబగబా మాట్లాడేవాడు అయితే పేరు చెప్పకపోయినా పోల్చుకుంటారు. ఇంకొక సంగతి, రేడియోలో మాట్లాడని పాత్ర లేనట్టే. తల్లి పక్కనే ఉందని నువ్వు బ్రాకెట్లో రాశావు, కానీ నాలుగు పేజీల పాటు ఆవిడ నోరు విప్పలేదు. దగ్గించు, గాజులు గలగలమనిపించు, లేకపోతే లోపలికి పంపించేయ్.

యాస విషయం జాగ్రత్త. నీ తండ్రి పాత్ర ఒకచోట "ఉండాది" అంటాడు, ఇంకోచోట "ఉన్నది" అంటాడు, మరోచోట గుంటూరు మాట పలుకుతాడు. మన కందుకూరు 2022లో నెల్లూరు జిల్లాలోకి వచ్చినా, నోరు మాత్రం ఇప్పటికీ ఒంగోలుకీ నెల్లూరుకీ మధ్యలోనే తిరుగుతుంది. అందుకే నీకు ఈ తికమక. ఇందుకూరుపేట గుంటల దగ్గర రెండ్రోజులు కూర్చుని విను. "డీఓ పడింది" (నీళ్లలో ఆక్సిజన్ తగ్గింది), "కౌంట్ ఎంతొచ్చింది" (కిలోకి ఎన్ని రొయ్యలు), "వెనామీ" (రొయ్య రకం), "చెక్ ట్రే" (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) లాంటి మాటలు వాళ్లు ఎలా పలుకుతారో అలాగే రాసుకో. యాసని నవ్వించడానికి వాడకు. సినిమాల్లో మన నెల్లూరు మాటని వెకిలి పాత్రలకి అంటగడితే నాకు ఒళ్లు మండుతుంది. నీ నాటకంలో ఆ భాషలో ఒక మనిషి ఏడవాలి, లెక్కలు వేయాలి, కొడుకుని క్షమించాలి.

సౌండ్ ఎఫెక్టులు నువ్వు ముప్ఫై ఆరు రాశావు. లెక్కపెట్టాను. ప్రతి తలుపూ కిర్రుమననక్కర్లేదు. ఒక సీన్‌కి చోటు తెలియడానికి ఒక్క చప్పుడు చాలు, అది కూడా మాట మొదలైతే వెనక్కి తగ్గాలి. ఏ చప్పుడైనా పక్కనున్న మాట ఆసరా లేకపోతే ఏదో తెలియదు. సెల్లోఫేన్ కాగితం నలిపితే మంట అంటుకున్నట్టు వినిపిస్తుంది, పళ్లెంలో బియ్యం జారవిడిస్తే వాన. పాతరోజుల్లో స్టూడియోలో ఇలాంటివే చేసేవాళ్లు. కానీ "వాన పట్టుకుందిరోయ్" అని ఒకడు అన్నాకే అది వానవుతుంది. నీ చప్పుళ్లలో ఏరియేటర్లు, జనరేటర్, గట్టు మీద అడుగులు, చివర్లో ఐస్ లారీ, ఇవి ఉంచు. మిగతావి దాదాపు అన్నీ కొట్టేయ్.

మా చిన్నతనంలో రాత్రిపూట విజయవాడ కేంద్రం మన కందుకూరు దాకా తేలిగ్గా అందేది. 1948 డిసెంబర్ 1న మొదలైన కేంద్రం అది. మా నాన్న రేడియోని కిటికీ గూట్లో పెట్టి అటూఇటూ తిప్పుతూ గరగర తగ్గించేవాడు. నాటకంలో రేడియో నటుడు నండూరి సుబ్బారావు గారి గొంతు వస్తే వీధి అరుగు మీదున్నవాళ్లు మాటలు ఆపేవాళ్లు. హైదరాబాద్ నుంచి రేడియో నటి శారదా శ్రీనివాసన్ గారు మాట్లాడితే మా అమ్మ కూరలు తరిగే కత్తిపీట ముందు అలాగే ఆగిపోయేది. నేను రాసేటప్పుడు ఇప్పటికీ ఆ కత్తిపీట ముందు కూర్చున్న మనిషి కోసమే రాస్తాను. ఆవిడ చేతులు పనిలో ఉన్నాయి, పొయ్యి మీద పులుసుంది, బయట ఎవరో పిలుస్తున్నారు. చెవి ఒక్కటే మనకి ఇచ్చింది, అది కూడా సగమే. అందుకే ముఖ్యమైన సంగతి ఏదైనా ఒక్కసారి చెప్పి వదిలేయకు. డీజిల్ డబ్బులు కొడుకు వేరే దానికి ఖర్చుపెట్టాడన్నది నీ కథకి ఇరుసు. అది ఒకే ఒక్క డైలాగులో, మధ్యలో, గబుక్కున వెళ్లిపోయింది. మూడుచోట్ల తగలాలి. మొదట అనుమానంగా, తర్వాత తల్లి నోట సగం మాటగా, చివర్లో వాడి నోటి నుంచే.

నిడివి పేజీలతో కొలవకు. గడియారం పెట్టుకుని, విరామాలతో సహా, గట్టిగా చదువు. అరగంట స్లాట్ అంటే ప్రకటన, పేర్లు పోను నీకు మిగిలేది అంతకన్నా తక్కువే. ఇరవై ఏడు నిమిషాలకి రాస్తే డైరెక్టర్ ఊపిరి పీల్చుకుంటాడు. కాగితానికి ఒక వైపే టైపు చేయించు, పిన్ను కొట్టకు. మైకు ముందు నటులు ఒక్కో కాగితం చప్పుడు లేకుండా పక్కకి జరుపుతారు. ఒక డైలాగు సగం ఈ పేజీలో, సగం ఆ పేజీలో విరగకుండా చూసుకో. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, రాసినమ్మాయికి స్టూడియో తెలుసని మొదటి చూపులోనే వాళ్లకి అర్థమవుతుంది.

ఇక డబ్బు సంగతి. దీని గురించి నీకు ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతాను. ఆకాశవాణికి పంపితే నాటక విభాగానికి పంపు, కవరింగ్ లెటర్‌లో కథ పది లైన్లలో రాయి. జవాబుకి నెలలు పట్టొచ్చు, టెన్షన్ పడకు, ఈలోపు ఇంకోటి రాయి. పారితోషికం పెద్దగా ఉండదు, కానీ పద్ధతిగా వస్తుంది. పాన్, బ్యాంకు వివరాలు సిద్ధంగా ఉంచుకో. ఇప్పుడు తెలుగులో ఆడియో యాప్‌లూ వచ్చాయి, పాకెట్ ఎఫ్ఎం, కుకు ఎఫ్ఎం లాంటివి. వాటికి చిన్న చిన్న ఎపిసోడ్ల సీరియళ్లు కావాలి, ప్రతి ఎపిసోడూ ఒక ముడి మీద ఆగాలి. అదీ మంచి సాధనే. కానీ ఈ ఒంటరి రాత్రి కథని సాగదీసి అక్కడ పెట్టకు, దాని బలమంతా ఒక్క రాత్రిలో జరగడంలో ఉంది.

సంతకం పెట్టే ముందు ప్రతి లైనూ చదువు. నా ముప్ఫయ్యో ఏట ఒక క్యాసెట్ల కంపెనీకి నాటకం ఇచ్చాను. తెల్ల కాగితం మీద సంతకం అడిగితే పెట్టేశాను. ఏడాది తర్వాత బస్టాండులో టీ తాగుతుంటే కొట్లో నా మాటలే వినిపించాయి, అట్ట మీద ఇంకొకరి పేరుంది. టీ గ్లాసు చేతిలో చల్లారిపోయింది. ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియలేదు. నీకు ఆ పరిస్థితి రాకూడదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 2012లో రచయితలకి మేలు చేసే మార్పులు వచ్చాయి. రాసిన క్షణం నుంచీ హక్కు నీదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, నీ సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు లెక్క, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. "అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా" అని కనిపిస్తే అడుగు, బేరమాడు. రేడియో ప్రసారానికి ఇస్తున్నానంటే సినిమా హక్కు కూడా ఎందుకివ్వాలి? అలాగే ఎవరి కథనైనా నాటకంగా మార్చేటప్పుడు వాళ్ల అనుమతి కాగితం మీద తీసుకో. రచయిత పోయాక కూడా అరవై ఏళ్ల పాటు ఆ హక్కు వారసులదే.

ఉద్యోగం మానేస్తానని మీ అమ్మతో అన్నావట. ఇప్పుడే వద్దు. రేడియో నాటకాల మీదే ఇల్లు గడిపినవాళ్లని నేను చూడలేదు. సాయంత్రాలు రాయి, సెలవుల్లో విను.

ముగింపు నాకు నచ్చలేదని ఇందాకే చెప్పాల్సింది. తెల్లారింది, రొయ్యలు పోయాయి, తండ్రి ఒకటిన్నర పేజీ మాట్లాడి కొడుకుని క్షమిస్తాడు. అంత మాట్లాడే ఓపిక ఆ పొద్దున ఆయనకి ఎక్కడిది? నాకు తోచింది చెబుతాను, నచ్చితేనే తీసుకో. కరెంటు తిరిగొస్తుంది. ఖాళీ గుంటలో ఏరియేటర్లు మళ్లీ దబదబమని తిరుగుతాయి. తండ్రి "ఆపేయ్ రా" అంటాడు. కొడుకు వెళ్లి స్విచ్ కడతాడు. అంతే, పేర్లు చదవడం మొదలుపెట్టమను.

వచ్చే శనివారం రా. మా స్నేహితుడి గుంట విడవలూరు దగ్గరుంది, రాత్రికి అక్కడ పడుకోనిస్తాడు. నీ ఫోన్‌లో ఏరియేటర్ల చప్పుడు రికార్డు చేసుకుందాం, తెల్లవారుజామున అయిదు నిమిషాలు ఆపమని అడుగుతాను. దుప్పటి తెచ్చుకో, గట్టు మీద చలేస్తుంది.

మీ మామయ్య
కందుకూరు