కస్టమ్ డీఎన్‌ఎస్ పెట్టాక అజూర్ ఎస్‌క్యూఎల్ కనెక్ట్ కాకపోతే

వీనెట్ (అజూర్‌లో మీ ప్రైవేట్ నెట్‌వర్క్) డీఎన్‌ఎస్‌ని, అంటే పేరుకు ఐపీ చిరునామా చెప్పే వ్యవస్థని, మీ సొంత సర్వర్లకు మార్చిన దగ్గర్నుంచి అజూర్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వబోతే 47073 ఎర్రర్ వస్తోందా? డేటాబేస్‌కి ఏమీ కాలేదండి. దానికి పబ్లిక్ యాక్సెస్ ఆపేశారు, ఎస్‌క్యూఎల్ సర్వర్ పేరేమో ఇంకా పబ్లిక్ ఐపీకే వెళ్తోంది.

ప్రైవేట్ ఎండ్‌పాయింట్ (వీనెట్ లోపలి నుంచి డేటాబేస్‌కి వెళ్లే దారి) ఐపీ ఉండేది ప్రైవేట్ డీఎన్‌ఎస్ జోన్‌లో, అంటే లింక్ చేసిన వీనెట్‌లకే కనిపించే పేర్ల పట్టికలో. దాన్ని చూడగలిగేది అజూర్ రిజాల్వర్ 168.63.129.16. మీ డీఎన్‌ఎస్ సర్వర్ ఆ రిజాల్వర్‌ని వదిలేసి నేరుగా ఇంటర్నెట్‌ని అడుగుతోంది.

మీ డీఎన్‌ఎస్ సర్వర్‌లో డేటాబేస్.విండోస్.నెట్‌కి ఒక కండిషనల్ ఫార్వర్డర్ (ఆ పేరుతో వచ్చే ప్రశ్నల్ని మాత్రమే వేరే సర్వర్‌కి పంపే సెట్టింగ్) పెట్టి, 168.63.129.16కి పంపండి. చాలామంది ఇక్కడే ప్రైవేట్‌లింక్.డేటాబేస్.విండోస్.నెట్ అని రాసి ఇరుక్కుంటారు. ఫార్వర్డర్ పబ్లిక్ జోన్ పేరుకే ఉండాలి. ఆ సర్వర్ ఉన్న వీనెట్‌ని ప్రైవేట్ జోన్‌కి లింక్ చేయడం మర్చిపోవద్దు. యాప్ ఉన్న వీనెట్‌ని మాత్రమే లింక్ చేస్తే సరిపోదు, ఎందుకంటే ప్రశ్న వెళ్లేది డీఎన్‌ఎస్ సర్వర్ నుంచి.

డీఎన్‌ఎస్ సర్వర్ మీ ఆఫీసులో ఉంటే ఇది పనిచేయదు, ఆ ఐపీ అజూర్ బయట అందదు. అప్పుడు అజూర్ డీఎన్‌ఎస్ ప్రైవేట్ రిజాల్వర్ అనే సర్వీసు ఇన్‌బౌండ్ ఎండ్‌పాయింట్‌కి (బయటి ప్రశ్నల్ని అందుకునే ఐపీకి) ఫార్వర్డ్ చేయండి. పోర్ట్ 53 యూడీపీ, టీసీపీ రెండూ తెరిచి ఉంచండి.

వీనెట్‌లో డీఎన్‌ఎస్ మార్చాక వీఎంలను (వర్చువల్ మెషీన్లను) రీస్టార్ట్ చేయాలి, లేదంటే పాత సర్వర్లనే అడుగుతూ ఉంటాయి. తర్వాత సర్వర్ పేరుతో ఎన్‌ఎస్‌లుకప్ (పేరుకు ఏ ఐపీ వస్తోందో చూపే కమాండ్) కొడితే ప్రైవేట్‌లింక్ పేరు మీదుగా మీ సబ్‌నెట్‌లోని ప్రైవేట్ ఐపీ (ఉదాహరణకు 10.తో మొదలయ్యేది) రావాలి. కనెక్షన్ స్ట్రింగ్‌లో మాత్రం ఆ ఐపీ పెట్టకండి, సర్వర్ పూర్తి పేరే ఉంచండి; ఐపీతో లాగిన్ ఫెయిలవుతుంది.